గాలివాన పిమ్మట పాఠశాలను ఎట్లు కట్టవలెను?

విద్యాలయమన నాలుగు గోడలును పైకప్పును మాత్రమే కాదని పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే. గురువును శిష్యుడును చెట్టునీడను కూర్చున్నను చదువు సాగును. అయినను తల్లిదండ్రులు ప్రతి ఉదయమును తమ బిడ్డలను మనకప్పగించి పొలమునకో, మిల్లునకో, సంతకో పోవునపుడు వారి చదువును మాత్రమే మనకప్పగించుట లేదు. వారి ప్రాణములనుగూడ అప్పగించుచున్నారు. కావున ఆ గోడలెట్టివో, ఆ కప్పెట్టిదో విచారించుట ఇంజనీరు పనియేగాని ఉపాధ్యాయుని పని కాదనుట చెల్లదు. ఈ సంచికలో మేము ఆ విషయమునే పాఠకుల యెదుట పెట్టదలచితిమి.

మా యభిప్రాయమును మొదటనే చెప్పెదము. గాలివాన పాడుచేసిన పాఠశాలను మునుపున్నట్లే మరల నిలబెట్టుట బాగుచేయుట కాదు. రాబోవు గాలివానకు దానిని మరల అప్పగించుట. చేతికి వచ్చిన మొదటి రూపాయిని కప్పును గోడకును, గోడను పునాదికిని బిగించుటకు వ్యయింపవలెను. రంగులకును, వేదికకును, ముఖద్వారపు తోరణమునకును మిగిలిన రూపాయిని వ్యయింపవచ్చును. ఈ వరుస తలక్రిందులైనచోట ఎంత ధనము వ్యయించినను ఫలము లేదు.

మనవారిలో ననేకులు, "గాలివాన కళింగపట్నమువారికిని ఉద్దానమువారికిని గాని మనకేమి?" అని తలతురు. తాండ్ర పాపారాయుని పేరుతో ప్రసిద్ధికెక్కిన మన రాజాము సముద్రపుటొడ్డున లేదు, నిజమే. ఉప్పెన మన వీధులకు రాదు. కాని తీరమునుండి మన యూరికి తిన్నగా కొలిచిన దూరము సుమారు 40 కిలోమీటర్లు మాత్రమే. గాలివాన నడకకు అది రెండు మూడు గంటల దారి. 2022 లో మన యూరు శ్రీకాకుళము జిల్లానుండి విజయనగరము జిల్లాకు మారినది. జిల్లా మారినది గాని గాలి త్రోవ మారలేదు. మన దేశపు నిర్మాణ ప్రమాణములలో గాలి బలమును గూర్చిన భాగమును 2015 లో సవరించినపుడు, తూర్పుతీరమునుండి 60 కిలోమీటర్ల లోపలి భూమిని తుపాను పట్టీగా లెక్కించిరి. మనము ఆ పట్టీలోనే యున్నాము. ఆ ప్రమాణములయందే ఆసుపత్రులతోను తుపాను రక్షణ భవనములతోను పాటు పాఠశాలలను గూడ, గాలివాన వెలసిన పిమ్మట నిలిచియుండి తీరవలసిన కట్టడములలో చేర్చిరి. ఇది గమనింపదగిన మాట. ఇతర కట్టడములు నిలిచిన మేలు. పాఠశాల నిలిచి తీరవలెను.

గడచిన కొద్ది యేండ్లలో మన మెరిగిన మూడు తుపానులను జ్ఞప్తికి తెచ్చుకొందము. 2014 అక్టోబరు 12 వ తేదీ మధ్యాహ్నము హుద్‌హుద్ విశాఖపట్నమువద్ద తీరము దాటెను. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచిన ఆ గాలికి విశాఖ విమానాశ్రయపు కప్పే చిరిగిపోయెను. నగరమున వృక్షములు లెక్కకు మించి కూలెను. విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలు చీకటిలో మునిగెను. 2018 అక్టోబరు 11 వ తేదీ తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరితోటలను జీడితోటలను నేలపాలు చేసెను. వెంటనే వంశధార పొంగెను. 2021 సెప్టెంబరు 26 వ తేదీ రాత్రి గులాబ్ కళింగపట్నమునకు సుమారు 20 కిలోమీటర్లు ఉత్తరమున తీరము దాటెను. దాని గాలి మునుపటి రెంటివలె తీవ్రము కాదు. కాని అది తెచ్చిన వాన మన జిల్లాల వాగులను చెరువులను నింపి పొరలించెను. ఒకటి గాలిచేత, ఒకటి గాలియు వరదయు కలిసి, ఒకటి వానచేత మనకు బుద్ధి చెప్పినవి.

ఇందు మరియొక విశేషము కలదు. హుద్‌హుద్ వచ్చినది ఆదివారము. గులాబ్ వచ్చినదియు ఆదివారమే. తిత్లీ వచ్చినది సూర్యోదయమునకు ముందు. మూడు మారులును బిడ్డలు బడిలో లేరు. పని దినమైనను సర్కారువారు ముందుగా సెలవు ప్రకటించియుందురు. నేడు తుపాను హెచ్చరిక కొన్ని దినములు ముందుగనే అందుచున్నది, అందులకు వాతావరణశాఖవారికి మనము ఋణపడియున్నాము. కాని చైత్ర వైశాఖములలో సాయంకాలపు ఈదురుగాలి ఏ హెచ్చరికయు లేకయే వచ్చును. అప్పుడు బడి జరుగుచునే యుండవచ్చును. తుపాను దినమున బిడ్డలు రాకున్నను, ఇండ్లు కూలినవారు బడికే వత్తురు. కావున "సెలవిచ్చితిమి, మా బాధ్యత తీరినది" అనుట సరికాదు.

మేము శిక్షణ కళాశాలలో చదివిన కాలమున ఒక్కొక్క విద్యార్థికి ఎంత స్థలముండవలెను, నల్లబల్లపై వెలుగు ఏ దిక్కునుండి పడవలెను, కిటికీలు నేలకు ఎంత యెత్తున నుండవలెను అను సంగతులను మాకు నేర్పిరి. అవి మేలైన పాఠములే. కాని మీ తలపైని కప్పు దేనిని పట్టుకొని నిలుచుచున్నది అని మమ్ము ఎవరును అడుగలేదు. ఆ ప్రశ్నను ఇప్పుడు మేమే మా విద్యార్థుల నడుగుచున్నాము. ఉన్నత తరగతులవారికి దాని లెక్క కష్టము కాదు.

గాలి యొత్తిడి వేగముతో సమముగా పెరుగదు. వేగముయొక్క వర్గముతో పెరుగును. వేగము రెండింతలైన ఒత్తిడి నాలుగింతలగును. మన తీరప్రాంతమునకు ప్రమాణములు నిర్ణయించిన మూలవేగము సెకనుకు 50 మీటర్లు. అనగా గంటకు 180 కిలోమీటర్లు. హుద్‌హుద్ వేగమునకిది ఇంచుమించు సమానము. 50 ని వర్గము చేసి 0.6 చే గుణించిన, చదరపు మీటరునకు 1500 న్యూటనులు వచ్చును. వాడుక మాటలో చెప్పవలెనన్న చదరపు మీటరునకు సుమారు 150 కిలోల బరువు. ఎనిమిది మీటర్ల పొడవును ఆరు మీటర్ల వెడల్పును గల తరగతిగదిని తీసికొనుడు. దాని వైశాల్యము 48 చదరపు మీటర్లు. స్థూలముగా ఆ కప్పుపై పనిచేయు బలము 7,200 కిలోలు, అనగా ఏడు టన్నులకు పైమాట. ఆ కప్పున వేసిన పలుచని ఇనుప రేకులన్నిటిని కలిపి తూచినను మూడువందల కిలోలు మించవు.

ఈ బలము కప్పును క్రిందికి నొక్కునని పలువురు తలతురు. అట్లుగాదు. వాలు తక్కువగల కప్పుమీదుగా గాలి వేగముగా పోవునపుడు పైన ఒత్తిడి తగ్గి, కప్పును పైకి లాగును. అదే సమయమున ఒక కిటికీ పగిలెనా, లోనికి జొచ్చిన గాలి గదిని బుడగవలె ఉబ్బించి క్రిందినుండి కప్పును తోయును. పైనుండి లాగుడు, క్రిందినుండి తోపుడు: ఈ రెంటి నడుమ రేకును పట్టియుంచునది దాని బరువు కాదు, బోల్టు. పాఠశాలవంటి కట్టడములకు మూలవేగమును 1.30 చే గుణింపవలెనని ప్రమాణములు చెప్పుచున్నవి. 1.30 యొక్క వర్గము 1.69. అనగా సామాన్య గృహమునకు వేసిన లెక్కకంటె బడికి వేయవలసిన లెక్క ఇంచుమించు డెబ్బది పాళ్లు హెచ్చు. అప్పుడు చదరపు మీటరునకు 150 కిలోలు కాదు, 250 కిలోలు. రూపాయి విలువచేయని వాషరు ఒకటి లోపించినందున వేల రూపాయల కప్పు ఎగిరిపోవుట ఈ లెక్కవలననే అర్థమగును.

ఇక కట్టడపు రూపమును గూర్చి. ఈ విషయమున మనము పరదేశమునకు పోయి నేర్వనక్కరలేదు. విశాఖ తీరపు పల్లెలలో మన పూర్వులు చుట్టిండ్లు కట్టుకొనిరి. గుండ్రని మట్టిగోడ, దానిపై శంకువువలె దిగిన తాటాకు లేక గడ్డి కప్పు, చూరు నేలకు దగ్గరగా వంగి యుండును. గాలి పట్టుకొనుటకు మూల లేదు. ఎత్తుటకు చూరు అందదు. ఏ దిక్కునుండి వచ్చినను ప్రక్కలకు జారిపోవలసినదే. అది నిరుపేదల గుడిసె యని మనము చిన్నచూపు చూచితిమి గాని, దానిలో నున్న బుద్ధిని చూడమైతిమి. నేడు గుండ్రని తరగతిగదులు కట్టుమని మేము చెప్పుట లేదు. దాని ధర్మమును గ్రహింపుమని చెప్పుచున్నాము.

ఆ ధర్మమును అనుసరించినచో ఈ క్రింది సంగతులు తేలును. పొడవుగా రైలుబండివలె కట్టిన వరుసకంటె చతురస్రమునకు దగ్గరగానున్న కట్టడము మేలు. రెండు వాలుల కప్పుకంటె నాలుగు వాలుల కప్పు మేలు. ఏలయన రెండు వాలుల కప్పునకు చివర నిలుచు త్రికోణపు గోడ గాలికి మొదట కూలును. వాలు మరీ తక్కువగా నుండరాదు; 22 మొదలు 30 డిగ్రీలవరకు నుండుట మంచిది. చూరు గోడకు వెలుపల అర మీటరునకు మించి రాకూడదు. వరండా కప్పును గది కప్పుతో ఏకముగా కట్టరాదు, వేరుగా కట్టవలెను. గాలి వరండా కప్పును పట్టుకొని ఎత్తినను అది ఒక్కటియే పోవును గాని గది కప్పును తనతో లాగుకొనిపోదు. మన పాత బళ్లలో అనేకము ఈ ఒక్క తప్పువలన కప్పులు పోగొట్టుకొనుచున్నవి.

రేకుల కప్పుండినచో అంచులయందును మూలలయందును కొక్కెపు బోల్టులు దగ్గర దగ్గరగా నుండవలెను. గాలి లాగుడు అక్కడనే హెచ్చు. ఎత్తుట మొదలుపెట్టునది మూల రేకు. అది లేచిన పిమ్మట మిగిలినవి పుస్తకపు పుటలవలె లేచిపోవును. రేకు బద్దెకును, బద్దె ట్రస్సునకును, ట్రస్సు గోడకును, గోడ పునాదికిని బిగింపబడియుండవలెను. ఈ గొలుసులో ఒక్క కడియము వదులైనచో మిగిలిన కడియములు ఉక్కువైనను ప్రయోజనము లేదు. గోడలయందు పునాదిమీదను, ద్వారముల మీదను, కప్పు క్రిందను మూడు వరుసల కాంక్రీటు పట్టీ ఇల్లంతయు చుట్టిరావలెను. బుట్టకు అల్లిక వలె ఈ పట్టీలు గోడలను ఒక్కటిగా పట్టియుంచును.

"ఇన్ని చిక్కులెందుకు? అన్ని గదులకును స్లాబు వేసిన చాలదా?" అని కొందరడుగుదురు. పన్నెండు సెంటీమీటర్ల మందముగల స్లాబు చదరపు మీటరునకు సుమారు 300 కిలోలు తూగును; అది గాలికి లేవదు. సొమ్మున్నచోట అదియే ఉత్తమము. అయినను స్లాబు వేసితిమని నిద్రపోరాదు. నీరు పోవు తూములు ఆకులతో పూడియుండిన, స్లాబుపై నీరు నిలిచి లోని ఇనుము త్రుప్పు పట్టును, పెచ్చులు రాలును, పదిహేనేండ్లకు అది గాలికి కాక తన బరువునకే భయపెట్టును. హుద్‌హుద్ నాడు విశాఖలో కాంక్రీటు మేడలు నిలిచినవి. వాని అద్దములు నిలువలేదు. గాజు పగిలినచోట లోనికి వచ్చిన గాలియు వానయు పుస్తకములను పరికరములను మిగుల్చలేదు. కావున కిటికీలకు గాజు పలకలకు బదులు గట్టి చెక్క తలుపులును, వానికి లోపలినుండి వేయు అడ్డగడియలును ఉండుట మేలు. అవి నిత్యము వెలుతురును గాలిని ఇచ్చును. అవసరమైన దినమున మూతపడును.

కట్టడము వెలుపల రెండు శత్రువులు కలవు. ఒకటి ప్రహరీగోడ. నడుమ నడుమ స్తంభములు లేక పొడవుగా సాగిన ఇటుక గోడ, వానకు పునాది నాని, గాలికి ఒక్కసారిగా పడును. బడి పిల్లలు నడచు బాట దాని ప్రక్కనే యుండును. కావున కొద్ది మీటర్లకొక స్తంభమును, నీరు పోవుటకు క్రింద రంధ్రములును ఉండవలెను. రెండవది, చెప్పుటకు కష్టముగా నున్నది, మన ప్రియమైన చెట్టు.

హుద్‌హుద్ పిమ్మట కొన్నిచోట్ల ప్రజలు చెట్లన్నిటిని శత్రువులుగా చూచి నరికివేయజొచ్చిరి. అది మరియొక తెలివితక్కువ. చెట్టులేని బడి మన చైత్రపు టెండకు కొలిమియగును. చేయవలసినది నరుకుట కాదు, ఎంపికయు దూరమును. కట్టడమునకు చెట్టు తన యెత్తంత దూరమున నుండిన, కూలినను కప్పుపై పడదు. నిద్రగన్నేరువంటి మెత్తని కొమ్మల చెట్లను తరగతి చెంత నాటరాదు. వేప, కానుగ మేలు. తాటిచెట్టు గాలికి వంగి మరల నిలుచును; పొలిమేరకు అది కాపరి. ఏటేట భాద్రపద మాసములోగా ఎండుకొమ్మలను నరికించి, గుబురును పలుచన చేయింపవలెను. ఆ కొమ్మలే గాలికి తెరచాపలు.

వానను గూర్చి మరువరాదు. నాగావళి, సువర్ణముఖి, వేగవతి నదుల నడుమ నున్న మన సీమలో గాలి పోయిన మరునాడు నీరు వచ్చును. కట్టడపు నేల ఆ ప్రదేశమున పెద్దలెరిగిన హెచ్చు నీటిమట్టమునకంటె ఎత్తున నుండవలెను. ఆ మట్టమును గోడపై గీతగీసి తేదీతో వ్రాసి యుంచుట మంచిది. ఆవరణలోని కాలువలు వానకు ముందు త్రవ్వింపవలెను. విద్యుత్తు పోయినపుడు మోటారు నీరీయదు. తిత్లీ పిమ్మట ఉద్దానపు పల్లెలు దినములకొలది చీకటిలో నున్నవి, త్రాగునీటికి అలమటించినవి. కావున ప్రతి బడిలోను ఎత్తైన గట్టుమీద చేతి బోరింగు ఒకటి పనిచేయు స్థితిలో నుండవలెను. నీటి కుళాయిలు వచ్చినవని దానిని పీకివేయుట దూరదృష్టి కాదు.

ఇక పాఠశాల ఆశ్రయస్థానమగుటను గూర్చి. 1977 నవంబరు 19 వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. ఆ పిమ్మట సర్కారును సేవాసంఘములును తీరమున తుపాను రక్షణ భవనములను కట్టింపసాగిరి. వానిలో పలుచోట్ల మామూలు దినములలో బళ్లు నడచినవి. ఇందులో గొప్ప వివేకము కలదు. పదియేండ్లకొకసారి వాడు భవనము తక్కిన కాలమంతయు గబ్బిలములకు నివాసమగును. అవసరమైననాడు దాని తాళపుచెవి దొరకదు. ప్రతి దినమును బిడ్డలు కూర్చుండు భవనమునకు తలుపు వంగినను, కప్పు కారినను వెంటనే తెలియును. పొరుగు రాష్ట్రమైన ఒడిశాయందు 1999 అక్టోబరు 29 నాటి మహాతుపానులో సుమారు పదివేలమంది చనిపోయిరి. 2013 అక్టోబరు 12 న ఫైలిన్ గోపాలపురమువద్ద తీరము దాటినపుడు సుమారు పదిలక్షలమందిని ముందుగా తరలించిరి. మరణములు పదులలో నిలిచినవి. హెచ్చరికయు, నడిపించు మనుష్యులును, చేరుటకు గట్టి కప్పును: ఈ మూడును కూడినందున కలిగిన భేదమిది.

అయితే ఆశ్రయము తప్పుచోట నుండిన అదియే ఉరియగును. 2013 నవంబరులో ఫిలిప్పీను దీవులలో హైయాన్ తుపాను వచ్చినపుడు తక్లోబాన్ నగరమున ఆశ్రయమని జనులు చేరిన కొన్ని భవనములలోనే ఉప్పెన నీరు నిండి ప్రాణములు పోయినవి. గోడలు గట్టివే, స్థలము తప్పు. దీనినుండి మనము నేర్వవలసినది, ఇతరుల నమూనాను కన్నులు మూసికొని దించరాదని. తీరపు రక్షణ భవనము స్తంభములపై నిలుచును. అక్కడ భయము ఉప్పెన. మనకు ఉప్పెన లేదు. మనకు భయము గాలి, వాన, వాగు. రాజాములో స్తంభములపై బడి కట్టుటకు వ్యయించు ధనమును బిగింపులకును కాలువలకును వ్యయించుట మేలు. ఏ యూరి బడి ఆ యూరి భయమును ఎరిగి కట్టబడవలెను.

బడిని ఆశ్రయముగా చేయునపుడు చదువునుగూడ కాపాడవలెను. మన తుపానులు హెచ్చుగా అక్టోబరు, నవంబరు నెలలలో వచ్చును. పదవ తరగతి పరీక్షలు మార్చిలో. ఇండ్లు పోయినవారు వారములకొలది బడిలోనే యుండిన, వారిని వెళ్లుమనుట మనకు చేతకాదు, చేయనుగూడదు. కావున ఏ గదులు ఆశ్రయమునకు, ఏ గదులు చదువునకు అనునది ముందుగనే నిర్ణయించి కాగితముపై వ్రాసి యుంచవలెను. స్త్రీలకు వేరు గదియు, రాత్రివేళ భయములేక పోదగిన మరుగుదొడ్లును ఉండవలెను. అవి లేనిచోట మన తల్లులు కూలబోవు ఇంటినైనను విడిచిరారు. రైతులు పశువులను విడిచిరారు. ఆటస్థలపు మెరకభాగమున వానికి చోటు చూపవలెను. ప్రవేశ రిజిస్టరులును ధ్రువపత్రములును రేకుల గదిలో నేలమీది బీరువాలో నుండరాదు. స్లాబు గదిలో ఎత్తున నుండవలెను, వాని ప్రతులు వేరొకచోట నుండవలెను. ముఖ్యద్వారపు తాళపుచెవులు ముగ్గురివద్ద నుండవలెను. ఆ ముగ్గురును వేరువేరు వీధులలో నివసించువారై యుండవలెను.

ఇప్పుడు ఆక్షేపణలను చూతము. "సొమ్ము లేదు" అనునది మొదటిది. తోరణమునకును వేదికకును చందాలు సమకూరుట అనేక పాఠశాలలలో మేము చూచితిమి. దాతను తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. దాత తన పేరు కనబడు చోటును కోరుట సహజము. బోల్టుపై ఎవరి పేరును చెక్కలేము. కాని మేము పూర్వవిద్యార్థులను వేడుకొనుచున్నాము: మీ తల్లిదండ్రుల స్మారకముగా ఒక గది కప్పును బిగింపజేయుడు. ఆ గది గోడపై ఒక చిన్న పలకలో "ఈ కప్పు వారి జ్ఞాపకార్థము బిగింపబడినది" అని వ్రాయించుటకు మాకు అభ్యంతరము లేదు. తోరణముకంటె అది ఎక్కువ కాలము నిలుచును. దాని క్రింద బిడ్డలు కూర్చుందురు.

"తుపాను పదియేండ్లకొకసారి గదా" అనునది రెండవది. హుద్‌హుద్, తిత్లీ, గులాబ్ ఏడు సంవత్సరములలో వచ్చినవి. బంగాళాఖాతపు నీరు వెచ్చనగుచున్న ఈ కాలమున తీవ్రమైన గాలివానలు తగ్గునని ఏ శాస్త్రజ్ఞుడును మనకు భరోసా నీయుట లేదు. పైగా పాఠశాల కట్టడము ఏబది అరువది యేండ్లు నిలువవలెనని కట్టుదుము. పదియేండ్లకొకసారి వచ్చినను దానికి ఐదారు మారులు ఎదురునిలువవలసియున్నది.

"దైవము పంపినదానిని మనము ఆపగలమా?" అనునది మూడవది. ఆపలేము. కాని బండమీద ఇల్లు కట్టిన బుద్ధిమంతుని ఉపమానమును మన బాలబాలికలందరును ఎరుగుదురు. ఆ కథలో వానయు వరదయు గాలియు బుద్ధిమంతుని యింటికిని వచ్చినవి, బుద్ధిహీనుని యింటికిని వచ్చినవి. భేదము గాలిలో లేదు, కట్టుటలో నుండెను. విశ్వాసము మనలను శ్రద్ధనుండి విడిపింపదు. దానికి మరింత బద్ధులను చేయును.

తుదకు, ఎవరేమి చేయవలెను? యాజమాన్యమువారు ఏ మరమ్మతు మొదలిడకముందే, గాలి లెక్క తెలిసిన ఇంజనీరుచేత ప్రతి గదిని చూపించి, మొదట చేయవలసినవి, పిమ్మట చేయవలసినవి అని రెండు పట్టికలు వ్రాయింపవలెను; ఆ పట్టికలు తల్లిదండ్రుల సభలో చదువబడవలెను. తల్లిదండ్రులారా, మీలో తాపీమేస్త్రీలును వడ్రంగులును కమ్మరులును కలరు. సెలవులలో ఒక్క దినము మీ చేతిపని మన బడికి దానము చేయుడు. మీరు బిగించిన కప్పు క్రింద మీ బిడ్డలే కూర్చుందురు. ఉపాధ్యాయులు జూను మాసమున బడి తెరచునపుడొకసారియు, సెప్టెంబరులో మరియొకసారియు ఆవరణమంతయు తిరిగి, వదులైన రేకును, పగిలిన తూమును, వాలిన గోడను పుస్తకములో వ్రాసి సంతకము చేయవలెను. వ్రాయని లోపమును ఎవరును దిద్దరు.

విద్యార్థులారా, మీకును పని కలదు. మీ తరగతిగది పొడవు వెడల్పులు కొలిచి, మేము పైన చూపిన లెక్కను మీరే వేయుడు. కప్పు అంచున ఎన్ని బోల్టులున్నవో, ఎన్నిటికి వాషరులు లేవో క్రిందినుండియే చూచి లెక్కింపుడు. పైకెక్కుట మీ పని కాదు. వాన కురిసిన దినమున నీరు ఎటు పారుచున్నదో పటము గీయుడు. మీ తాతలను నాయనమ్మలను అడిగి, వారెరిగిన గాలివానలలో ఏ యిండ్లు నిలిచినవి, ఏవి కూలినవి, ఏల యని వ్రాసికొని రండు. అట్టి వ్రాతలలో మేలైనవానిని వచ్చు సంచికలో ప్రకటింపుమని సంపాదకులను మేము కోరుదుము.

గాలివాన మనలను అడిగి రాదు. కాని మన బడిలోని ఏ బోల్టు వదులుగా నున్నదో దానికంటె ముందు మనము తెలిసికొనవచ్చును. వచ్చు కార్తిక మాసములోగా మన పాఠశాలలో ఒక్క గదియైనను, కప్పునుండి పునాదివరకు బిగింపబడి, "ఇది నిలుచును" అని ధైర్యముగా చెప్పదగినదిగా నుండవలెనని మా కోరిక. ఒక గదితో మొదలిడుదము. మరుసటి యేట రెండవ గది.